మైగ్రేన్‌కి ఆక్యుప్రెషర్: ఎప్పుడు నొక్కాలి, ఎప్పుడు తల మీద చెయ్యి పెట్టకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఏళ్ల తరబడి మైగ్రేన్ ఉంది, మాత్రలు మింగీ మింగీ విసిగిపోయారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే ఐదు నిమిషాల్లో నొప్పి మాయమవుతుందని వీడియోల్లో చూసి మొదలుపెట్టారు. కొన్నిసార్లు హాయిగా అనిపించింది. కొన్నిసార్లు కణతలు నొక్కాక నొప్పి ఇంకా రెచ్చిపోయింది. సరిగ్గా చేయడం నేర్చుకుంటే మాత్రలు పూర్తిగా మానేయవచ్చా అన్నది మీ ప్రశ్న.

నేను ఫిజియోథెరపిస్టుని. తలనొప్పి, మెడనొప్పితో వచ్చేవాళ్లతోనే నా పని ఎక్కువ, వాళ్లకి ఆక్యుప్రెషర్ నేర్పిస్తాను కూడా. కాబట్టి దీన్ని కొట్టిపారేసే ఉద్దేశం నాకు లేదు. అయినా సమాధానం ముందే చెప్పేస్తాను: మాత్రలకు బదులుగా పనికిరాదు, మాత్రలతో పాటు బాగా పనికొస్తుంది. ఇంకో మాట. ఎక్కడ నొక్కాలో చూపించే వీడియోలు కోకొల్లలు. ఏ సమయంలో నొక్కాలో, ఏ సమయంలో తల జోలికే పోకూడదో వాటిలో దాదాపు ఎవరూ చెప్పరు. మీకు ఒకసారి తగ్గి, ఒకసారి పెరగడానికి కారణం చాలావరకు అక్కడే ఉందని నా అనుమానం.

మైగ్రేన్‌లో ముఖానికీ తల ముందు భాగానికీ స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడి ఉద్రేకపడుతుంది. మెదడు పొరల్లో రక్తనాళాల చుట్టూ ఉన్న దాని కొసల నుంచి సీజీఆర్‌పీ లాంటి రసాయనాలు విడుదలవుతాయి. తల ఒక పక్క సలపడం, గుండె కొట్టుకున్నట్టు పోట్లు రావడం ఆ దశలోనే మొదలవుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే, గంటో రెండు గంటలో గడిచేసరికి లోపల నొప్పి సంకేతాలు అందుకునే కణాలు కూడా అతి సున్నితంగా తయారవుతాయి. ఇక అక్కడి నుంచి మామూలు స్పర్శ కూడా నొప్పిగానే తెలుస్తుంది. దువ్వెన తగిలితే మంట. జడ కాస్త బిగుతుగా ఉన్నా భరించలేం. కళ్లజోడు కాడ చెవి పైన ఆనినా, ఆ పక్కకి తిరిగి దిండు మీద తల పెట్టినా ఓర్చుకోలేం. దీన్ని వైద్యంలో అలోడైనియా అంటారు. మైగ్రేన్ ఉన్నవాళ్లలో సగానికి పైగా మందికి ఏదో ఒక స్థాయిలో ఇది ఉంటుంది. చాలామంది దీన్ని జబ్బులో భాగమని గుర్తించరు, నొప్పి ఎక్కువైంది కాబట్టి చిరాగ్గా ఉందనుకుంటారు.

ఆ దశలో కణతలు, కనుబొమ్మలు గట్టిగా నొక్కితే అప్పటికే ఉడికిపోతున్న నాడికి ఇంకా ఉద్రేకం అందించినట్టే. తలకి గుడ్డ బిగించి కట్టుకుంటే కొందరికి ఉపశమనం, కొందరికి నరకం ఎందుకో కూడా దీంతో అర్థమవుతుంది.

అందుకే నొక్కే ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోమంటాను. నొప్పి ఉన్న వైపు నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట, వేలి కొసతో తేలిగ్గా రాయండి. రెండో వైపు కూడా అలాగే రాసి చూడండి. రెండు వైపులా ఒకేలా ఉంటే తల మీదా మెడ మీదా నొక్కవచ్చు. నొప్పి ఉన్న వైపు చర్మం చురుక్కుమన్నా, మంటగా ఉన్నా, ఇష్టం లేనట్టు అనిపించినా ఆ రోజుకి తలను వదిలేయండి. చేతులు, మణికట్టు, పాదాలకే పరిమితం కావాలి. కొందరికి అలోడైనియా ముదిరితే చేతుల మీదకి కూడా పాకుతుంది. అప్పుడు ఎక్కడా నొక్కకుండా చీకటి గదిలో కళ్లు మూసుకుని పడుకోవడమే మేలు.

మరి అసలు సరైన సమయం ఏది? నొప్పి రాకముందే. వినడానికి వింతగా ఉంటుంది గానీ, మైగ్రేన్ చాలామందిలో చెప్పాపెట్టకుండా రాదు. నొప్పికి కొన్ని గంటల ముందు, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల ముందే శరీరం సూచనలిస్తుంది. నిద్ర చాలినా ఆగని ఆవలింతలు, మెడ పట్టేసినట్టు ఉండడం, తీపి తినాలని యావ, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం, కారణం లేని చిరాకు, చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదవాల్సి రావడం. ఎవరి సూచనలు వాళ్లవి, కానీ ఒకే మనిషిలో ఇవి చాలావరకు అవే తిరిగి వస్తుంటాయి. ఇంట్లోవాళ్లని అడగండి. మనకన్నా ముందు వాళ్లకే తెలిసిపోతుంది. ఆ సూచనలు కనిపించినప్పుడు ఒకసారి, నొప్పి సన్నగా మొదలైన మొదటి అరగంటలో ఇంకోసారి చేసిన ఆక్యుప్రెషర్‌కి ఉన్న విలువ, మూడు గంటల తర్వాత వాంతులవుతుండగా చేసినదానికి లేదు.

ఇప్పుడు పాయింట్లు. నాకు ఒక్కటే చెప్పే అవకాశం ఉంటే మెడ వెనుక పాయింటు చెబుతాను. చైనా వైద్యంలో దాన్ని ఫెంగ్‌చీ అంటారు, అంతర్జాతీయ గుర్తు జీబీ 20. చెవి వెనుక గట్టిగా తగిలే ఎముక బుడిపె మీద బొటనవేలు పెట్టి, పుర్రె అంచు వెంబడే వెనక్కి, మెడ మధ్య వైపుకి జరపండి. సగం దూరం పోయేసరికి వేలు ఒక గుంటలోకి దిగుతుంది. పక్కన ఏటవాలుగా దిగే కండరానికీ వెనుక నిలువుగా దిగే కండరానికీ మధ్య ఉండే జాగా అది. రెండు వైపులా రెండు బొటనవేళ్లూ ఆనించి, మిగిలిన వేళ్లతో తలని పట్టుకుని, తలని కొద్దిగా వెనక్కి వాల్చి దాని బరువునే వేళ్ల మీద పడనివ్వండి. ఒత్తిడి లోపలికీ కొంచెం పైకీ ఉండాలి, అవతలి కంటి వైపు గురిపెట్టినట్టు. వేళ్లు రుద్దకండి, ఒకచోట నిలపండి. నెమ్మదిగా ఊపిరి వదులుతూ అర నిమిషం నుంచి ఒక నిమిషం, కాసేపు వదిలి మళ్లీ, ఇలా నాలుగైదు సార్లు. సరైన చోట దొరికితే నొప్పి సన్నగా కంటి వెనక్కో కణతకో పాకినట్టు అనిపిస్తుంది, కొన్ని క్షణాల్లో అది కరుగుతుంది. కరగకుండా పెరుగుతుంటే వెంటనే వదిలేయండి.

మెడ వెనుక నొక్కితే కంటి దగ్గర తెలియడం వెనుక శరీర నిర్మాణం ఉంది. మెడ పైభాగం నుంచి వచ్చే నాడులూ, ముఖం నుంచి వచ్చే ట్రైజెమినల్ నాడీ తమ సంకేతాలను మెదడు కాండం కింది భాగంలో ఒకే కేంద్రంలోకి చేరవేస్తాయి. అందుకే మైగ్రేన్ వచ్చినప్పుడు మెడ పట్టేస్తుంది, మెడని సడలించినప్పుడు కొంతమందికి తల తేలికవుతుంది. చేతులు నొప్పి పుట్టేవాళ్లు రెండు టెన్నిస్ బంతులు ఒక మేజోడులో వేసి ముడి కట్టి, వెల్లకిలా పడుకుని ఆ గుంటల కింద పెట్టుకోవచ్చు. శ్రమ లేకుండా తల బరువే పని చేస్తుంది.

తర్వాతది మీరు చేస్తున్న చేతి పాయింటు, హెగూ, ఎల్ఐ 4. వీడియోల్లో దీన్ని వేళ్ల మధ్య పలచటి చర్మం మీద పట్టుకుని గిల్లినట్టు చూపిస్తుంటారు. అక్కడ కాదు. బొటనవేలిని చూపుడువేలికి ఆనించి దగ్గరగా బిగిస్తే చేతి వెనుక ఒక కండ ఉబ్బుతుంది. ఆ ఉబ్బు శిఖరం మీద రెండో చేతి బొటనవేలు ఉంచి, తర్వాత చెయ్యి వదులు చేయండి. ఇప్పుడు అరచేతి వైపు నుంచి చూపుడువేలు ఆసరాగా పెట్టి, ఒత్తిడిని చూపుడువేలి మూలంలో ఉన్న పొడవాటి ఎముక వైపు తిప్పండి. గురి కుదిరితే జివ్వుమని తెలుస్తుంది. రెండు మూడు నిమిషాలు ఒక చేతికి, అంతే సమయం రెండో చేతికి. గోరు దిగకుండా చూసుకోండి. గోటి గుర్తులు, కమిలిన మచ్చలు పడ్డాయంటే అంత బలం అక్కర్లేదని అర్థం. పదికి అయిదు ఆరు పాళ్ల ఒత్తిడి, హాయిగా ఉండీ లేనట్టుండే నొప్పి, అంతవరకే.

నొప్పి తలలో ఉంటే చేతిలో నొక్కడం ఏమిటని నవ్వేవాళ్లున్నారు. ఒకచోట కలిగిన బాధాకరమైన స్పర్శ మరోచోట ఉన్న నొప్పిని అణచడం నాడీశాస్త్రానికి తెలిసిన విషయమే. మెదడు కాండం నుంచి కిందికి దిగే నిరోధక వ్యవస్థ ఆ పని చేస్తుంది. 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మైగ్రేన్ కోసం అనుమతించిన నెరివియో పరికరం ఈ సూత్రం మీదే నడుస్తుంది. దాన్ని కట్టుకునేది తలకి కాదు, భుజానికీ మోచేతికీ మధ్య. అది విద్యుత్ ప్రేరణ, మనది బొటనవేలు, కాబట్టి రెండింటి ఫలితం ఒకటేనని నేను అనను. దూరంగా నొక్కడంలో అర్థం ఉందని మాత్రం అంటాను.

మూడోది మణికట్టు లోపలి వైపు, నైగ్వాన్, పీసీ 6. ఇది నొప్పికి కన్నా వికారానికి. మణికట్టు గీత దగ్గర నుంచి మోచేతి వైపుకి మూడు వేళ్లు అడ్డంగా పెట్టండి. మూడో వేలి అంచున, రెండు స్నాయువుల మధ్య ఉంటుంది. పిడికిలి బిగించి మణికట్టు కొంచెం వంచితే ఆ స్నాయువులు తేలి కనిపిస్తాయి. కొంతమందికి ఒకటే కనిపిస్తుంది, అది పుట్టుకతో వచ్చే తేడా, లోపమేమీ కాదు. అలాంటప్పుడు చేతి మధ్య గీతనే లెక్కలోకి తీసుకోండి. ఇక్కడ గట్టిగా అక్కర్లేదు, బొటనవేలితో నిలకడగా రెండు మూడు నిమిషాలు చాలు. ప్రయాణాల్లో కట్టుకునే గుండీ ఉన్న బ్యాండ్లు నొక్కేది కూడా ఈ పాయింటునే.

కనుబొమ్మల లోపలి కొసల దగ్గర చిన్న నొక్కులు, కణతల గుంటలు, రెండు కనుబొమ్మల నడిమి చోటు, వీటి గురించి పెద్దగా చెప్పను. పై పరీక్షలో చర్మం మామూలుగా ఉంటేనే, వేలి మెత్తటి భాగంతో, తేలిగ్గా. పాదం మీద బొటనవేలికీ రెండో వేలికీ మధ్య సందులో పైకి జరిగితే తగిలే గుంట కూడా వాడతారు, తల ముట్టుకోలేని రోజుల్లో ఇంకొకరు నొక్కడానికి బాగుంటుంది. పదిహేను ఇరవై పాయింట్లు గుర్తుపెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకుంటూ పోవడం మాత్రం అనవసర ప్రయాస. నొప్పిలో ఉన్న మనిషికి కావాల్సింది రెండు మూడే.

ఇక ఆధారాల సంగతి. ఆక్యుప్రెషర్ మీద జరిగిన పరిశోధనలు చిన్నవి, వాటిమీద భారం మోపలేం. సూదులతో చేసే ఆక్యుపంక్చర్ మీద మాత్రం పెద్ద సమీక్షే ఉంది. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూకం వేసే కాక్రేన్ సంస్థ 2016లో ప్రచురించిన ఆ సమీక్షలో 22 పరిశోధనలు, దాదాపు 5,000 మంది ఉన్నారు. మైగ్రేన్ వచ్చే రోజులు సగానికి తగ్గినవాళ్లు ఆక్యుపంక్చర్ తీసుకున్న ప్రతి 100 మందిలో 41 మంది, తీసుకోనివాళ్లలో 17 మంది. ఇక్కడివరకు చెప్పి ఆగిపోయేవాళ్లే ఎక్కువ. అదే సమీక్షలో ఉత్తుత్తి సూదులతో పోల్చిన పరిశోధనలను చూస్తే అసలు సూదులకి 50, ఉత్తుత్తి వాటికి 41. అంటే తేడా ఉంది, కానీ చిన్నది. ఫలితంలో పెద్ద భాగం కచ్చితమైన పాయింటు వల్ల కాక, స్పర్శ, విశ్రాంతి, నమ్మకం, ఒకరు మనల్ని పట్టించుకున్నారన్న భావన, వీటన్నిటి వల్ల వస్తోందన్నమాట. నాకిందులో అవమానమేమీ కనిపించదు. పాయింటు అర అంగుళం అటో ఇటో అయిందని టెన్షన్ పడక్కర్లేదని దీన్నిబట్టి తెలుస్తోంది కదా. మణికట్టు పాయింటుకి మాత్రం ఆధారం కొంత మెరుగ్గానే ఉంది. ఆపరేషన్ల తర్వాత వచ్చే వికారం, వాంతుల మీద 59 పరిశోధనలు, 7,667 మందితో 2015లో వచ్చిన కాక్రేన్ సమీక్ష దానికి అనుకూలంగానే తేల్చింది. మైగ్రేన్ వికారం వేరే కారణంతో వచ్చేదే అయినా, ప్రయత్నించడంలో నష్టం లేదు.

మాత్రల విషయానికొస్తే, మీ విసుగు నాకు అర్థమవుతుంది. అయితే మాత్ర పనిచేయడం లేదని చెప్పేవాళ్లలో చాలామంది దాన్ని ఆలస్యంగా వేసుకుంటారు. "ముందు చూద్దాం, తగ్గకపోతే వేసుకుందాం" అని రెండు మూడు గంటలు ఓర్చుకుంటారు. మైగ్రేన్ సమయంలో జీర్ణాశయం కదలిక మందగిస్తుంది, మింగిన మాత్ర చాలాసేపు అక్కడే ఉండిపోతుంది. పైగా అలోడైనియా వచ్చేశాక, మైగ్రేన్ కోసమే ఇచ్చే ట్రిప్టాన్ మందులు కూడా అంత బాగా పనిచేయవు. ఆక్యుప్రెషర్ చేసే అసలు హాని ఇక్కడే ఉంది: నొక్కుకుంటూ కూర్చుని మాత్ర వేసుకోవాల్సిన గంట దాటబెట్టడం. డాక్టరు రాసిచ్చిన మందు ఉంటే నొప్పి మైగ్రేనే అని తెలిసిన వెంటనే అది వేసుకుని, అది పనిచేయడం మొదలుపెట్టేలోపు ఆ అరగంట, ముప్పావుగంట నొక్కండి.

ఇంకో వైపు, మరీ తరచుగా వేసుకున్నా ముప్పే. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, న్యాప్రోక్సెన్ లాంటివి నెలలో 15 రోజులు, ట్రిప్టాన్లు లేదా కెఫీన్ లాంటివి కలిపిన మాత్రలు 10 రోజులు, ఇలా మూడు నెలలకు మించి వాడితే ఆ మందులే తలనొప్పి తెప్పిస్తాయి. తెల్లవారి లేస్తూనే నొప్పి, మాత్ర వేస్తే తగ్గి మళ్లీ నొప్పి. మీరు ఆ దశలో ఉన్నారేమో లెక్క చూసుకోండి. ఉంటే, దాని నుంచి బయటపడేటప్పుడు మొదటి కొన్ని వారాలు నొప్పి ఎక్కువవుతుంది. ఆక్యుప్రెషర్ బాగా అక్కరకొచ్చే సందర్భం నా దృష్టిలో అదే, చేతులకి ఏదో ఒక పని ఉంటుంది, మాత్ర వైపు వెళ్లకుండా కొంత ఆపుతుంది. డాక్టరు పర్యవేక్షణలోనే చేయాలి సుమా.

జాగ్రత్తలు కొన్ని తప్పవు. గర్భంతో ఉన్నవాళ్లు చేతి పాయింటు హెగూ, భుజం పైనున్న పాయింటు, చీలమండ లోపలి వైపు పైనున్న పాయింటు నొక్కకూడదన్నది సంప్రదాయం, ప్రసవం మొదలవుతుందన్న భయంతో. దాన్ని పాటించడమే నయం. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు గట్టిగా నొక్కితే చర్మం కమిలిపోతుంది. మెడ ముందు, పక్క భాగాల్లో, నాడి కొట్టుకునే చోట అసలు నొక్కకండి, గుండె వేగం హఠాత్తుగా పడిపోయి కళ్లు తిరిగే ప్రమాదం ఉంది. మెడని విసురుగా తిప్పి కటుక్కుమనిపించడం ఆక్యుప్రెషర్ కాదు. అరుదుగానైనా మెడ రక్తనాళం గోడ చీలి పక్షవాతం దాకా పోయిన సంఘటనలున్నాయి కాబట్టి ఎవరు చేస్తానన్నా వద్దనండి.

కొన్ని తలనొప్పులకి నొక్కడం, ఆలోచించడం రెండూ వద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. ఒక్క నిమిషంలోపే భరించలేని స్థాయికి చేరిన నొప్పి, జ్వరంతో పాటు మెడ వంగకపోవడం, మాట తడబడడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, తలకి దెబ్బ తగిలాక వచ్చినది, గర్భంతో ఉన్నప్పుడు కొత్తగా వచ్చినది. యాభై దాటాక మొదటిసారి వచ్చిన తలనొప్పి కూడా అంతే. ముఖ్యంగా కణత ముట్టుకుంటే నొప్పి, నమిలితే దవడ నొప్పి ఉంటే అది రక్తనాళాల వాపు కావచ్చు. ఆలస్యమైతే చూపు పోతుంది. అక్కడ కణతలు నొక్కుకుంటూ రోజులు గడిపినవాళ్లని చూశాను కాబట్టి నొక్కి చెబుతున్నాను.

నెలకి ఎన్ని రోజులు నొప్పి వస్తుందో మీరు రాయలేదు. నాలుగు రోజులు దాటుతుంటే, వచ్చాక తగ్గించే మందుల గురించి కాక, రాకుండా ఆపే మందుల గురించి న్యూరాలజిస్టుని అడగండి. వాటిలో చాలావరకు రోజూ వేసుకునేవి, వేరే రకం. ఈలోగా ఒక కాగితం పెట్టుకుని నొప్పి వచ్చిన ప్రతిసారీ నాలుగు ముక్కలు రాయండి: ముందు కనిపించిన సూచన, నొక్కడం మొదలుపెట్టిన టైము, నుదుటి పరీక్షలో చర్మం ఎలా ఉంది, రెండు గంటల తర్వాత నొప్పి పదికి ఎంత. రెండు మూడు నెలలు రాశాక ఆ కాగితం డాక్టరు ముందు పెట్టండి. ఇక్కడ కూడా పెడితే ఏ పాయింటు ఉంచాలో, ఏది మానేయాలో కూర్చుని చూద్దాం.